గోల్కొండ దిడ్డి వాకిలి నుంచి గేటెడ్ కమ్యూనిటీ దాకా

1687 తొలి నెలల్లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. 87 బురుజులు, 8 దర్వాజాలు, చుట్టూ కందకం ఉన్న కోట అది. మొఘలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందు పేలిస్తే ఆ రాళ్లు వాళ్ల మీదే వచ్చి పడ్డాయి. ఒక రాత్రి నిచ్చెనలు వేసి కొందరు సైనికులు గోడ అంచు దాకా ఎక్కారు. అక్కడ ఓ వీధికుక్క వాళ్లను చూసి మొరిగింది, కావలివాళ్లు లేచి తరిమికొట్టారు. ఆ కుక్కకు సుల్తాను అబుల్ హసన్ తానీషా బంగారు గొలుసు వేయించాడని ఆనాటి సంగతులు రాసిన ఖాఫీ ఖాన్ చెబుతాడు. వానలు, తిండి కొరత, రోగాలు కోటలోని వాళ్లకంటే బయట గుడారాల్లో ఉన్నవాళ్లనే ఎక్కువ బాధపెట్టాయి. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. సెప్టెంబరులో ఒక రాత్రి, తెల్లవారడానికి ముందు, అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు తన కాపలాలో ఉన్న దిడ్డి వాకిలిని లోపలి నుంచి తీశాడు. కోట పడిపోయింది.

గోడ తన పని తాను చేసింది. ఓడిపోయింది గోడను నమ్మి ఊరుకున్న పాలన. సుల్తాను కొలువులోని సర్దారులు ఒకరి తర్వాత ఒకరు మొఘలుల వైపు పోతుంటే, వారికి ఎదుటివాడు ఏమి ఇస్తున్నాడో, తాము ఏమి ఇస్తున్నామో పట్టించుకోవలసిన సమయంలో కోటలో అందరూ రాళ్ల బలాన్నే లెక్కపెట్టుకున్నారు. ఆ కోటకు పడమటి దిక్కున, కొద్ది మైళ్ల దూరంలోనే, నార్సింగి, కోకాపేట, నానక్‌రాంగూడ, తెల్లాపూర్ చుట్టుపక్కల ఇవాళ వందల సంఖ్యలో గేటెడ్ కాలనీలు లేచాయి. అక్కడ ఇల్లు కొనేవారిని ఎందుకు కొంటున్నారని అడిగితే మొదట వచ్చే మాట ‘సేఫ్టీ’. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి ఈ నేల మీద గోడల చరిత్రే చాలా సాక్ష్యం ఇస్తుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన హైదరాబాద్ కట్టినప్పుడు దానికి ప్రాకారం లేదు. ప్రమాదం వస్తే పక్కనే గోల్కొండ ఉందన్నది ధీమా. ఆ ధీమా ఎవరికి పనికొచ్చిందో రెండుసార్లు తేలింది. 1656లో మొఘల్ సేనలు వస్తున్నాయని తెలిసి అబ్దుల్లా కుతుబ్ షా కోటలోకి వెళ్లిపోయాడు. నగరం దోపిడీ పాలైంది. 1685లో మళ్లీ అదే కథ. రాజు, రాణివాసం, ఖజానాలో మోయగలిగినంత మేర కోటకు చేరాయి. బజార్లలోని వర్తకులు, చేతిపనివాళ్లు ఎక్కడి వాళ్లు అక్కడే మిగిలిపోయారు. ఆ రెండోసారి దోచుకున్నవారిలో శత్రుసైనికులే కాక నగరంలోని అల్లరిమూకలు కూడా కలిశాయి. ‘కోట ఉంది కాబట్టి క్షేమం’ అనే మాటలో కోట ఎవరిది, లోపల చోటు ఎందరికి అనే ప్రశ్నలు ఎప్పుడూ దాగి ఉంటాయి.

ఆ అనుభవం తర్వాతే నగరానికి గోడ వచ్చింది. 18వ శతాబ్ది తొలి పాతికేళ్లలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టాడు. 1724లో అతను షకర్‌ఖేడా యుద్ధంలో చనిపోయాక మొదటి ఆసఫ్‌జా కాలంలో పూర్తయింది. చాదర్‌ఘాట్, ఢిల్లీ, పురానాపూల్, దూద్‌బౌలీ, అలియాబాద్, లాల్, గౌలీపుర, మీర్ జుమ్లా, యాకుత్‌పుర, దబీర్‌పుర... ఈ దర్వాజాల పేర్లు ఇవాళ బస్సు స్టాపుల పేర్లుగా, బస్తీల పేర్లుగా మిగిలాయి. రాత్రయితే తలుపులు మూసేవారు. పెద్ద దర్వాజాలతో పాటు చిన్న ఖిడ్కీలు ఉండేవి. కట్టడాలుగా మిగిలినవి పురానాపూల్, దబీర్‌పుర దర్వాజాలు రెండే.

గోడ లోపలికి వచ్చాక జనం నిశ్చింతగా ఉన్నారా? లేరు. ప్రాకారం లోపల మళ్లీ ప్రాకారాలు లేచాయి. ఒక్కో నవాబుకు ఒక్కో దేవిడీ, దానికి ఎత్తయిన గోడ, ఏనుగు పట్టేంత తలవాకిలి, వాకిట్లో సాయుధులు. ఆ సాయుధుల్లో ఎక్కువమంది హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, వారిని ఊళ్లో చావుషులని పిలిచేవారు. నమ్మకస్తులని, చావుకు వెరవరని పేరు. అందుకే సాహుకార్లు కూడా వారిని కాపలాకు పెట్టుకున్నారు. 19వ శతాబ్ది మధ్యకు వచ్చేసరికి కాపలాదారుల నాయకులైన జమేదార్లే అప్పులిచ్చే స్థితికి ఎదిగారు. రాజ్యం కూడా వారికి బాకీ పడింది, జాగీర్ల ఆదాయాలు వారి దగ్గర తాకట్టులోకి వెళ్లాయి. బాకీ తీర్చనివారిని తమ ఇళ్లల్లోనే బంధించి పెట్టేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ చేసిన కష్టమైన పనుల్లో ఒకటి ఈ సొంత కాపలాల బలాన్ని తగ్గించడం, న్యాయస్థానాలను, పోలీసును నిలబెట్టడం. భద్రతను ఇంటింటికీ విడివిడిగా కొనుక్కున్న నగరంలో చివరికి భద్రత అమ్మేవాడే భయానికి కారణమయ్యాడు. తిరిగి అందరికీ ఒకే పోలీసు, ఒకే కోర్టు అనే ఏర్పాటుకు రావడానికి ఒక తరం పట్టింది. మన నగర చరిత్రలో ఈ ఘట్టానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదని నేను అనుకుంటాను.

తీరాంధ్రలో ఇంకో సాక్ష్యం ఉంది. 1816 మార్చిలో గుర్రాల మీద వచ్చి దోచుకునే పిండారీలు గుంటూరు మీద పడ్డారు. ఈస్టిండియా కంపెనీవారు తర్వాత తీసిన లెక్క ప్రకారం పదకొండు పన్నెండు రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర జిల్లాల్లో, కడప వైపు 339 గ్రామాలు దోపిడీ అయ్యాయి. 182 మందిని చంపారు, 505 మంది తీవ్రంగా గాయపడ్డారు, 3,603 మందిని చిత్రహింసలు పెట్టారు. గుంటూరు పట్టణంలో కలెక్టరు బంగళాను కొద్దిమంది సిపాయిలు కాపాడారు. ఖజానా నిలిచింది, దొరలు బతికారు. పట్టణం కొల్లబోయింది. పల్నాడు, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ కూలిపోతూ కనిపించే ఊరి బురుజులు ఇలాంటి రోజులకోసం కట్టుకున్నవే. వాటిలో ఒక మేలు ఉంది. చాలాచోట్ల బురుజు ఊరుమ్మడిది. గుర్రాల దుమ్ము కనిపించగానే పైనున్నవాడు కేకవేస్తే ఊరంతా కదిలేది.

ఊరి కాపలాకు తలారి ఉండేవాడు. అతనికి మాన్యం ఉండేది, కళ్లంలో వాటా ఉండేది. అందుకు బదులు దొంగ అడుగుజాడ తీయాలి, పోయిన సొత్తు రాబట్టాలి. చాలా జిల్లాల్లో అలా రాబట్టలేకపోతే నష్టం తానే భరించాలన్న ఆనవాయితీ కూడా ఉండేది. 1802లో కంపెనీ దారోగాలనే పోలీసు అధికారుల పద్ధతి తెచ్చి ఈ ఏర్పాటును పక్కనపెట్టింది. పద్నాలుగేళ్ల అనుభవం చూశాక, 1816లోనే, 11వ రెగ్యులేషన్ ద్వారా గ్రామపెద్దనూ తలారినీ మళ్లీ పోలీసు పనిలోకి తీసుకుంది. తలారి ఎంత పేదవాడైనా అతనికి ఊళ్లో వేరు ఉంది. పొలిమేరకు అటువైపున్న తలారులు తెలుసు, ఎవరి కొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో తెలుసు. అతని చూపు గోడ దగ్గర ఆగేది కాదు. ఈ వ్యవస్థలో కులభారం ఉంది, వెట్టి ఉంది, దాన్ని తిరిగి తెమ్మనడం లేదు. కాపలా అంటే మనుషుల ఎరుక అని మాత్రం అది చూపిస్తుంది.

మనుషుల ఎరుక లేని గోడ ఏమవుతుందో తెలంగాణ గడీలు చూపాయి. దేశ్‌ముఖుల గడీ గోడలు కొన్నిచోట్ల ఊరి గుడి గోపురం కంటే ఎత్తు. లోపల ధాన్యపు గాదెలు, గుర్రపుశాలలు, కావలి మనుషులు. 1946 జులై 4న కడవెండిలో గడీ ముందుగా సాగుతున్న ఊరేగింపు మీద దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. ఆ తూటా తర్వాత గడీకి రక్షణ అనేదే లేకుండా పోయింది. రెండేళ్లు తిరిగేసరికి నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో అనేక గడీల నుంచి దొరలు హైదరాబాదుకు వెళ్లిపోయారు. గోడ అలాగే ఉంది, దాని మందం తగ్గలేదు. బయట ఉన్న ఊరు మాత్రం పగబట్టింది.

ఇప్పటి గేటెడ్ కాలనీ దేశ్‌ముఖు గడీ కాదు. అందులో ఉండేది అప్పు చేసి ఫ్లాట్ కొన్న ఉద్యోగి, విదేశంలో ఉన్న పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు, రాత్రి షిఫ్ట్ నుంచి ఒంటరిగా వచ్చే అమ్మాయి. వారి భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక నగరం పడమటికి పరుగెత్తింది. 2003లో సైబరాబాద్‌కు వేరే పోలీసు కమిషనరేట్ వచ్చింది. రాళ్లగుట్టల మధ్య, వీధిదీపం, బస్సు, కిరాణాకొట్టు ఏదీ సరిగా లేనిచోట బిల్డర్లు ముందు గోడ కట్టి, తర్వాత లోపల రోడ్డు, నీళ్లు, జనరేటర్, పార్కు అమర్చారు. పురపాలన ఇవ్వలేని వసతులను ఒక చుట్టుగోడలో పెట్టి అమ్మారు. కొన్నవారు భద్రత కొన్నామనుకున్నారు. ఎక్కువగా కొన్నది నీళ్లు, కరెంటు, పిల్లలు సైకిలు తొక్కే చోటు. ఆ చివరిది తక్కువ విషయం కాదు. వేగంగా పోయే వాహనం లేని వీధిలో పిల్లలు ఆడుకోవడం గేటు ఇచ్చే నిజమైన రక్షణ.

దొంగతనాల సంగతి మీద ఇతర దేశాల్లో పరిశోధన జరిగింది. ఫలితాలు ఒక్క దారిన లేవు. అమెరికాలో ఎడ్వర్డ్ బ్లేక్‌లీ, మేరీ గేల్ స్నైడర్ 1997లో రాసిన పుస్తకంలో గేట్ల వల్ల నేరాలు దీర్ఘకాలంలో తగ్గుతాయనడానికి బలమైన ఆధారం లేదన్నారు. ఆ తర్వాత లిన్ ఆడింగ్టన్, కాలీ మేరీ రెనిసన్ 2009, 2010 సంవత్సరాల జాతీయ బాధితుల సర్వేను పరిశీలించి, గేటు లోపలి ఇళ్లలో దొంగతనాలు తక్కువని తేల్చారు. 2014లో దక్షిణాఫ్రికాలోని త్వానే నగరం మీద గ్రెగరీ బ్రీట్స్‌కే, కరీనా లాండ్‌మన్, ఎలెన్ కోన్ చేసిన అధ్యయనంలో గేటెడ్ ప్రాంతాల దగ్గర ఇళ్లలో దొంగతనాల ముప్పు ఎక్కువగా కనిపించింది. ఒకే గోడ రెండు దేశాల్లో రెండు రకాలుగా పనిచేయడానికి కారణం వెదకడం కష్టం కాదు. గేటు దొంగను ఆపగలదు. అదే గేటు లోపల విలువైనవి ఉన్నాయని కూడా చెబుతుంది. బయట అసమానత ఎంత లోతుగా ఉంటే ఆ రెండో మాట అంత గట్టిగా వినిపిస్తుంది.

ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలోని ఫైవ్ ఓక్స్ పేటలో 1990ల మొదట్లో ఇంకో రకం ప్రయోగం జరిగింది. ఆస్కార్ న్యూమన్ అనే వాస్తుశిల్పి ఆ పేటను చిన్నచిన్న భాగాలుగా విడదీసి, వీధుల చివర్లలో వాహనాలు దాటిపోకుండా ద్వారాలు పెట్టించాడు. నడిచి వెళ్లేవారికి అడ్డు లేదు, కాపలాదారు లేడు. మత్తుమందుల కోసం కార్లలో వచ్చిపోయేవారు తగ్గారు, హింసాత్మక నేరాలు సగానికి పడిపోయాయి. పేటలోని వాళ్లు ముందు కూర్చుని ఏ వీధి ఎక్కడ మూయాలో తామే నిర్ణయించుకోవడం అందులో ముఖ్యమని న్యూమనే రాశాడు. గోడ కంటే ఆ కూర్చోవడం ఎక్కువ పని చేసిందని నాకు అనిపిస్తుంది.

మన దగ్గర దొంగలు ఎలా వస్తారో చూద్దాం. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి పరిసరాల్లో ‘చెడ్డీ గ్యాంగ్’ అని పేరుబడ్డ ముఠా అపార్ట్‌మెంట్ల మీద, విల్లాల మీద పడింది. ఇలాంటి ముఠాలు గేటు వైపు రావు. ఊరి అంచున, వెనక గోడకు ఆనుకుని తోటో ఖాళీ జాగానో ఉన్న చోటు చూసుకుంటాయి. రాత్రి రెండు మూడు గంటల మధ్య గోడ దూకి, తాళం వేసిన ఇల్లు వెదుకుతాయి. వెనక గోడకు అటువైపు జనం నడిచే వీధి ఉంటే, తెల్లవారుజామున టీ కాచే బండి ఉంటే, ఆ దారిన రావడం కష్టం. వీధి మీద మనుషుల కళ్లే మొదటి కాపలా అని నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే వాదించింది. గోడ ఎత్తు పెరిగిన కొద్దీ లోపలివాళ్లకు బయట కనపడదు, బయటివాళ్లకు లోపల కనపడదు. గోడ దూకినవాడికి ఆ మరుగే ఆసరా.

ఇక గేటు ఆపలేని ప్రమాదాలు. 2022లో దేశంలో 28,522 హత్యలు నమోదయ్యాయి. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. గేటెడ్ కాలనీ నగరం అంచుకు నెట్టిన కుటుంబం రోజూ అవుటర్ రింగు రోడ్డు మీదో, దాని సర్వీసు రోడ్ల మీదో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటేటా చెబుతోంది. చుట్టం, పొరుగువాడు, స్నేహితుడు. వారికి గేటు దగ్గర ఫోను చేసి అనుమతి ఇచ్చేది ఇంట్లోవాళ్లే.

నీటిని కూడా గోడ ఆపదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు హైదరాబాద్ ప్రాకారం నగరాన్ని కాపాడలేకపోయింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత నగరాన్ని వరద నుంచి కాపాడింది ఊరికి దూరంగా, ఎగువన, అందరి ఖర్చుతో కట్టిన రెండు జలాశయాలు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 2022 సెప్టెంబరులో బెంగళూరు సర్జాపూర్ రోడ్డు వైపు కోట్ల విలువైన విల్లాల వీధుల్లో నీరు నిలిచి, లోపలివారిని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటకు తేవలసి వచ్చింది.  చెరువు గొలుసు ఎక్కడ తెగిందో ఏ కాలనీ సంఘమూ తన గోడలోపల నుంచి సరిచేయలేదు.

గోడ తెచ్చే మరో మార్పు మనసుల్లో వస్తుంది. ఏ గేటెడ్ కాలనీ ముందైనా పొద్దుగూకే వేళ కాసేపు నిలబడితే కనిపిస్తుంది. పని ముగించుకుని వెళ్లే ఆడమనిషి గేటు పక్కన బల్ల మీద తన సంచి విప్పుతుంది. టిఫిన్ డబ్బా, మడతపెట్టిన పాత చీర, ఎవరో ఇచ్చిన నాలుగు అరటిపళ్లు. చీర ఎవరిచ్చారని గార్డు ఫ్లాటుకు ఫోను చేస్తాడు. జవాబు వచ్చేదాకా ఆమె నిలబడుతుంది. పక్కన బూమ్ బ్యారియర్ ఒక్కో కారుకూ లేస్తూ దిగుతూ ఉంటుంది. పదేళ్లుగా ఆ ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉండవచ్చు. ఆమె మౌనం వెనుక ఏముందో తెలుసుకోకుండా ఆ కాలనీ భద్రత గురించి మాట్లాడలేం.

ఆ అనుమానం ముదిరితే ఏమవుతుందో రెండు ఘటనలు చెబుతాయి. 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ఓ గేటెడ్ కాలనీలో, తండ్రితో కలిసి చుట్టపుచూపుగా వచ్చిన ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాడు దుకాణానికి వెళ్లి తిరిగి వస్తుండగా, కాలనీ కాపలా బాధ్యత తీసుకున్న నివాసి ఒకడు అనుమానించి వెంబడించి కాల్చి చంపాడు. 2017 జులైలో నోయిడా సెక్టార్ 78లోని ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో, దొంగతనం ఆరోపణ తర్వాత పనిమనిషి ఒక రాత్రంతా ఇంటికి రాలేదని ఆమె బంధువులు, పొరుగువాళ్లు తెల్లవారుతూనే గేటు తోసుకుని లోపలికి వచ్చి రాళ్లు రువ్వారు. సాయుధ కాపలా ఉన్నా ఆ గేటు నిమిషాల్లో తెరుచుకుంది. లోపలివారు ఎంత భయపడి ఉంటారో ఊహించగలను. ఆ రాత్రంతా ఆమె కోసం వెదికినవారి భయాన్ని కూడా ఊహించగలను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో ఇచ్చిన భవన నిబంధనల్లో ఒక మంచి షరతు ఉంది. గేటెడ్ కాలనీ కట్టేవారు లోపలి భూములకు దారి మూసుకుపోకుండా, స్థలం ఒక అంచున ప్రజలకు రోడ్డు వదలాలి. ఆ షరతు గట్టిగా అమలైన చోట వెనక గోడ పక్కన నడిచే జనం ఉంటారు, అంబులెన్సుకు అడ్డదారి ఉంటుంది. అమలు కాని చోట మైలు పొడవున రెండు గోడల మధ్య చీకటి సందు మిగులుతుంది. రాత్రి ఆ సందులో నడిచి ఇంటికి పోయేది ఆ కాలనీల్లోనే వంట చేసే, తుడిచే, కాపలా కాసే మనుషులు.

గేటు దగ్గర నిలబడేవాడి సంగతి చివరికి అన్నిటికంటే ముఖ్యం. 2005 ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం కింద కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనలు కొత్త గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ, కనీసం 20 పనిదినాలు అన్నాయి. ఆచరణలో ఊరి నుంచి నిన్న దిగినవాడు ఇవాళ యూనిఫాం వేసుకుని గేటు దగ్గర నిలబడటం అరుదు కాదు. పన్నెండు గంటల డ్యూటీ, కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ, పడుకోవడానికి సెల్లార్‌లో నలుగురితో కలిసి ఒక గది. ఏజెన్సీ మారిస్తే మనిషి మారిపోతాడు. ఏ ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉన్నాడో, ఏ ఇంటివాళ్లు పెళ్లికి ఊరెళ్లారో, ఏ పాప తండ్రితో వెళ్లడానికి కోర్టు ఆంక్ష ఉందో తెలుసుకునేలోపే అతను వెళ్లిపోతాడు. యాప్‌లో అనుమతి నొక్కితే వాహనం నంబరు నమోదవుతుంది. ఎరుక నమోదు కాదు.

హైదరాబాద్ విషయంలో తీర్పు చెప్పడానికి కావలసిన లెక్కలను ఇంకా ఎవరైనా తీయవలసే ఉంది. దొంగతనాల పట్టికలో నేర రికార్డుల సంస్థ ‘నివాస ప్రాంగణం’ అనే గడి మాత్రం పెడుతుంది. గేటు ఉన్న ఇల్లా, వీధిలో ఇల్లా అనేది అందులో కనిపించదు. ఆ వివరాలు కాలనీ సంఘాల ఆఫీసుల్లో, గేటు రిజిస్టర్లలో, సమావేశాల మినిట్స్‌లో పడి ఉన్నాయి. ఏ విశ్వవిద్యాలయమైనా పూనుకుని వాటిని అడిగి తీసుకుంటే, దొంగతనాల సంఖ్యతో పాటు ఇంకో సంఖ్య కూడా అడగాలి: ఏడాదిలో ఆ గేటు దగ్గర ఎంతమంది గార్డులు మారారు, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు.